ఐలేశ్ కన్ను తెరవలేదు

జనగామ శివారులోని ఆ డిగ్రీ కాలేజీలో మంగళవారం పదిన్నరకు మాక్ డ్రిల్ పెట్టుకున్నారు. నిప్పంటుకున్నట్టు గంట కొట్టాలి, పిల్లలు మెట్లు దిగి గ్రౌండ్‌కు చేరాలి, దెబ్బ తగిలిన ఒక మనిషిని స్ట్రెచర్ మీద మోసుకురావాలి. ఇదంతా చూసి సంతకం పెట్టడానికి ఫైర్ ఆఫీసర్ వస్తున్నాడు. ఆ సంతకం లేకపోతే వచ్చే ఏడాది కాలేజీకి అనుమతి రాదు. ప్రిన్సిపాల్ కరుణాకర్ రెండు రోజులుగా సరిగా అన్నం తినలేదు.

దెబ్బ తగిలిన మనిషిగా అటెండర్ ఐలేశ్‌ను ఎంచుకున్నారు. రోజూ కొడకండ్ల నుంచి బస్సులో వచ్చే ఐలేశ్, పదకొండేళ్లలో చెప్పిన పని ఒక్కటీ సగంలో వదిలినవాడు కాదు. డ్రిల్ బాధ్యత చూస్తున్న కెమిస్ట్రీ లెక్చరర్ సుష్మిత అతని నుదుటికి ఎర్ర సిరా పూసి, మెట్ల కింద పడుకోబెట్టింది.

"ఐలేశన్నా, నేను లెవ్వమనేదాక కండ్లు తెరవకు. ఎవలేమడిగినా పలుకకు," అని చెప్పి గంట దగ్గరికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే జువాలజీ లెక్చరర్ దిలీప్ నాలుగు రోజుల సెలవు ముగించుకుని బస్సు దిగి వచ్చాడు. డ్రిల్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మెట్ల కింద నెత్తురు ముఖంతో ఐలేశ్ కనిపించాడు. పిలిచాడు, కుదిపాడు, చివరికి గిల్లాడు. ఐలేశ్ కదల్లేదు. దిలీప్ పరుగెత్తుకెళ్లి ఆటోను లోపలికి పిలిచాడు. డ్రిల్ సంగతి తెలిసిన ఇద్దరు విద్యార్థులు ఇదీ అందులో భాగమే అనుకుని ఐలేశ్‌ను ఆటోలోకి ఎక్కించారు. దిలీప్ సార్ కళ్లలో నీళ్లు చూసి, ఇంత బాగా నటిస్తాడని తమకు తెలియనే తెలియదని చప్పట్లు కూడా కొట్టారు.

ఐదు నిమిషాలకు గంట మోగింది. మూడు వందల నలభై మంది నాలుగు నిమిషాల్లో గ్రౌండ్‌కు చేరారు. ఆఫీసర్ తల ఊపాడు. స్ట్రెచర్‌తో వెళ్లిన సుష్మితకు మెట్ల కింద రెండు సిరా చుక్కలు తప్ప ఏమీ దొరకలేదు. దెబ్బ తగిలిన మనిషి ఏడని ఆఫీసర్ అడిగితే, వస్తున్నాడని కరుణాకర్ చెప్పాడు. కాసేపటికి మళ్లీ అడిగితే, మళ్లీ అదే చెప్పాడు. ల్యాబు, క్యాంటీను, నీళ్ల ట్యాంకు వెనక వెతికించాడు. ఐలేశ్‌కు ఫోన్ చేస్తే అది ఆఫీసు బల్ల మీదే మోగింది.

అప్పుడు దిలీప్ ఫోన్ వచ్చింది. "సార్, ఐలేశ్‌ను దవాఖానకు తెచ్చిన. ఎంత పిలిచినా పలుకుతలేడు. వాళ్లింట్ల చెప్పుండ్రి."

అది సిరా అని కరుణాకర్‌కు తెలుసు. అయినా పలకడం లేదనగానే అనుమానం వచ్చింది. పడుకోబెట్టేటప్పుడు నిజంగానే తల మెట్టుకు తగిలిందేమో అనుకున్నాడు. ఆఫీసర్‌కు చెప్పకుండానే స్కూటర్ తీశాడు. దవాఖానలో రెండో అంతస్తుకు మెట్ల మీదే పరుగెత్తాడు.

అక్కడ డాక్టర్ తల పట్టుకుని ఉన్నాడు. నాడి బాగుంది, గాయం కనబడదు, మనిషి మాత్రం పలకడు. స్కానింగుకు వరంగల్ పంపడానికి చీటీ రాస్తున్నాడు. కరుణాకర్ ఆయాసపడుతూ మంచం మీదికి వంగాడు.

"ఐలేశ్, నేనురా. జర కన్ను తెరువు."

ప్రిన్సిపాల్ గొంతు గుర్తుపట్టిన ఐలేశ్ కళ్లు మూసుకునే జవాబిచ్చాడు. "మేడం ఇంకా చెప్పలే సార్."

కరుణాకర్ తిట్టడానికి నోరు తెరిచి, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. డాక్టర్ బీపీ చూస్తే రెండు వందల పది. వెంటనే పడుకోబెట్టాలన్నాడు, కానీ ఆ గదిలో ఉన్న ఒక్క మంచం మీద ఐలేశ్ ఉన్నాడు. దిలీప్ సుష్మితకు ఫోన్ కలిపి ఐలేశ్ చెవికి ఆనించాడు. ఆమె లెవ్వమనగానే ఐలేశ్ లేచి, ప్రిన్సిపాల్‌ను రెండు చేతులా ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు.

కాసేపటికి సుష్మిత వెంట దవాఖానకు వచ్చిన ఆఫీసర్ జరిగిందంతా విన్నాడు. దెబ్బ తగిలిన మనిషి నుదుటి సిరా తుడుచుకుంటూ ప్రిన్సిపాల్ సెలైన్ సీసా పట్టుకుని నిలబడటం చూశాడు. పడిపోబోయిన ప్రిన్సిపాల్‌కు చికిత్స అందడానికి అర నిమిషమే పట్టిందని రాసి సంతకం పెట్టాడు.

కరుణాకర్‌ను డాక్టర్లు మూడు రోజులు కదలొద్దన్నారు. ఆ మూడు రోజులూ కాలేజీలో ఏ ప్రమాదమూ జరగలేదు.