వంటగదిలో ఇంటర్వ్యూ

ఆ ఉదయం ఆగమ్మ పథకం చాలా సాదాసీదాది. పొద్దున ఇంటర్వ్యూ, మధ్యాహ్నానికి ఉద్యోగం, సాయంత్రానికల్లా కాలేజీకి దరఖాస్తు. ఆమె అసలు పేరు వేరే ఉంది. ఎవరు ఏ పని మొదలుపెట్టినా మధ్యలో దూరి తనే పూర్తిచేసేస్తుంది కాబట్టి, ఇంటిల్లిపాదీ "ఆగమ్మా!" అని అరిచి అరిచి అదే పేరు ఖాయం చేశారు.

ఆమెకు ఆక్యుపేషనల్ థెరపీ చదవాలని పట్టుదల. జబ్బుచేసి చెయ్యో కాలో స్వాధీనం తప్పినవాళ్లకు తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్పే చదువు అది. పడిపోయిన చెయ్యి చొక్కా గుండీని తిరిగి ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలని ఆగమ్మకు తెగ కుతూహలం. కాలేజీవాళ్లేమో, ముందు ఆ రంగంలో జీతానికి పనిలో చేరి ఆ తర్వాత దరఖాస్తు పెట్టమన్నారు. పనిచ్చేవాళ్లు ముందు చదువుకుని రమ్మన్నారు. అటూ ఇటూ తిరిగి చెప్పులరిగాక మిగిలింది ఈ ఒక్క పునరావాస కేంద్రం. ఇదీ పోతే ఏడాది దండగ.

"అక్కడ చేతులు కట్టుకుని కూర్చో," అంది అక్క. "పేషెంటు పని పేషెంటే చేసుకోవాలట. నువ్వు మధ్యలో దూరావంటే ఇక అంతే."

"నోరు కూడా కట్టేసుకో," అన్నాడు బావ.

కేంద్రంలో రిసెప్షన్ అమ్మాయి ఆమెను ఓ వంటగదిలోకి పంపింది. "పేషెంట్లు ఇంటిపనులు మళ్లీ నేర్చుకునే గది ఇది. కూర్చోండి, మేడమ్ వచ్చేస్తారు."

ఆగమ్మ కూర్చోలేదు. గోడకు ఒక చెక్క, దానినిండా రకరకాల గొళ్లేలు, గడియలు, జిప్పులు. అన్నీ ఒకసారి తీసి పెట్టి చూసింది. లావుపాటి పిడి ఉన్న చెంచాను ఎడమచేత్తో పట్టి చూసింది. అప్పుడు గమనించింది, గదిలో ఇంకో ఇద్దరున్నారని.

కిటికీ దగ్గర కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో, కళ్లజోడుతో ఒక పెద్దాయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆమెను ఎగాదిగా చూస్తున్నాడు. ఇంటర్వ్యూ అప్పుడే మొదలైందని ఆగమ్మకు అర్థమైపోయింది. సింకు కింద ఇంకొకాయన బొటనవేలికి కట్టుతో, వెల్లకిలా పడుకుని దేనికోసమో తడుముకుంటున్నాడు. పాపం, ఆయనే పేషెంటు.

"అమ్మా, ఆ స్పానరు ఇలా ఇవ్వు," అన్నాడు సింకు కిందాయన.

ఆగమ్మ చెయ్యి దానంతటదే లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టి ఆపింది. "మీరే అందుకోగలరండీ. తొందరేం లేదు."

"అందితే నిన్నెందుకు అడుగుతాను?"

"పోనీ, కాస్త దగ్గరికి జరిపాను. ఇప్పుడు చూడండి. ఏ వేలితో పట్టు బాగా దొరుకుతోంది?"

ఆయన తల బయటపెట్టి ఆమెను చూశాడు. ఆఫీసువాళ్లు తన పని ఎలా ఉందో చూడమని ఈమెను పంపారని ఆయనకు అనుమానం వచ్చింది. "ఇరవై ఏళ్ల నుంచి కుళాయిలు బిగిస్తున్నా. నాకు నేర్పుతావా?"

పాత వృత్తిని గుర్తుచేసుకుంటున్నాడని ఆగమ్మకు గుండె నీరైంది. "చాలా బాగా చెప్పారు. అలాగే చెయ్యండి."

"సర్లే, తలుపు పక్కన వాల్వు ఉంది, అదైనా కట్టెయ్యి."

ఆగమ్మ పెద్దాయన వంక చూసింది. ఆయన ముఖం చిట్లించాడు. ఇదే అసలు పరీక్ష! "వాల్వు కూడా మీరే కడతారు. నేను పక్కనే ఉంటాను," అంది.

సింకు కిందాయన విసుక్కుంటూ లేచి, పళ్లు బిగించి కుళాయి తిప్పాడు. అది ఊడి చేతికొచ్చింది. నీళ్లు పైకప్పుదాకా ఎగిశాయి. గొట్టానికి అరచెయ్యి అడ్డుపెట్టి, "చెయ్యి తీస్తే వరదే! వాల్వు కట్టు తల్లీ, నీకు దణ్ణం పెడతా!" అని కేకలు పెట్టాడు.

ఆగమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ప్రాణం కొట్టుకుపోతోంది. "మీ వల్ల అవుతుంది! నాకు నమ్మకముంది!"

ఆయన వేళ్ల సందుల్లోంచి చిమ్మిన నీళ్లు గదంతా పారాయి. ఇక చూడలేక పెద్దాయన బల్ల పట్టుకుని లేచాడు. అడుగులో అడుగు వేసుకుంటూ తలుపు దాకా వెళ్లాడు. ఎడమచేత్తో తిప్పితే వాల్వు కదల్లేదు. ఒళ్లోంచి జారి వేలాడుతున్న కుడిచేతిని కూడా దానిమీద వేసి, రెండింటితో బిగించాడు. నీళ్లు ఆగిపోయాయి.

"ఎక్కడ దొరికింది ఈ పిల్ల?" అన్నాడు.

గుమ్మంలో మేడమ్ నోరు తెరుచుకుని నిలబడింది. "ఆయన కుడిచెయ్యి వాడారు! రెండు నెలలుగా బతిమాలుతున్నాం, ఆ చేత్తో చెంచా కూడా ముట్టలేదు. ఏం చేశావమ్మా?"

ఊరుకుంటే ఉద్యోగం చేతిలో పడేలా ఉంది. కానీ అబద్ధంతో చేరితే ఆ కుడిచెయ్యి ఎందుకు లేచిందో ఎప్పటికీ తెలియదు. ఆగమ్మకు అది సిగ్గు కంటే పెద్ద బాధగా తోచింది.

"ఈయన్ని మీ డాక్టరనుకున్నాను మేడమ్. ఆయన్ని పేషెంటనుకున్నాను," అంది, ఏడుపు గొంతుతో. "కానీ ఈయన ఎందుకు లేచారు?"

"ఎవరో ఒకరు లేవాలి కదా! నువ్వు కదలవాయె!" అన్నాడు పెద్దాయన.

మేడమ్ వాల్వు వంక, ఆయన కుడిచేతి వంక చూసింది. "ఇన్నాళ్లూ ఈయన అడక్కముందే అన్నీ అందించాం," అంది.

"ఈ పిల్ల ఇక్కడుంటే నేను ఈ గడప తొక్కను," అన్నాడు ప్లంబరు, చొక్కా పిండుకుంటూ.

"లేకపోతే నేను తొక్కను," అన్నాడు పెద్దాయన.

మేడమ్‌కు ప్లంబరు ఇంకొకడు దొరుకుతాడు.

ఆగమ్మ తడిసిన బట్టలతోనే ఇల్లు చేరింది.

"ఉద్యోగం వచ్చిందా?" అన్నాడు బావ.

"రేపట్నుంచే. నెలకింతని జీతం కూడా."

"పనేంటి?"

"ఎదుటివాళ్లు అవస్థపడుతుంటే చూస్తూ కూర్చోవాలి. అవసరమైతే తప్ప చెయ్యి కదపకూడదు."

బావ సోఫాలో లేచి కూర్చున్నాడు. "దానికి జీతమిస్తారా!"

"ఇంకో ఖాళీ ఉందేమో కనుక్కోవే," అంది అక్క, బట్టల గుట్ట ఒక్కతే మడతపెడుతూ. "మీ బావకి పన్నెండేళ్ల అనుభవముంది."