జింకల వేటలో మొదటి బంతి పిల్లలదే!

అరవై దాటిన మనిషికి జింక దొరకకూడదు. దొరికితే ఘోరమైన అన్యాయం! ఇది నా దృఢమైన అభిప్రాయం. కాదనేవాళ్లు కెనడాలో మా సస్కటూన్ వచ్చి నాతో వాదించుకోవచ్చు, కాఫీ ఇస్తాను.

మా దగ్గర జింకల వేటకు పిల్లల సీజన్ అని ఒకటుంది. పద్దెనిమిది నిండనివాళ్లు పెద్దల కంటే ముందే తుపాకీ పట్టుకుని వెళ్లొచ్చు. పక్కన లైసెన్సున్న పెద్దమనిషి ఒకరు బుద్ధిగా కూర్చోవాలి, అంతే. వేట మొదలైందన్న కబురు అప్పటికి జింకలకు అందదు. పొలం గట్ల మీద హాయిగా మేస్తుంటాయి. మా సీజన్ వచ్చేసరికి ప్రతి జింకా పీహెచ్‌డీ పూర్తిచేసి ఉంటుంది! యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ చూపు నాకు తెలుసు.

ఇందులో తప్పేముంది చెప్పండి? మన పెళ్లిళ్లలో మొదటి బంతి పిల్లలకే కదా వేస్తాం? ఆఖరి బంతిలో కూర్చుని, అడుగంటిన సాంబారు పోసుకుని, "బ్రహ్మాండం" అనలేదా మనం? జింకల దగ్గరికొచ్చేసరికి ఎందుకీ కడుపుమంట?

నాకైతే లేదు. ఏళ్ల తరబడి వేటగాళ్ల నారింజ రంగు కోటు వేసుకుని, చలిలో కొయ్యబారి, ఒక్క తోకైనా చూడకుండా ఇంటికొచ్చిన నాకు లేదు. ఊరి చివర మా పెరట్లో చంటిపిల్లలా సాకిన గోంగూరను ఒక జింక మొదలంటా మేసిపోయినా లేదు. ఆ జింకను మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను. ఎడమ చెవికి గాటుంది.

పైగా పిల్లల సీజన్ వల్ల కుటుంబాలు బాగుపడుతున్నాయండీ! కూతురు ఏ గ్రేడులో ఉందో తెలియని తండ్రులు కూడా సీజన్ దగ్గర పడగానే "తల్లీ, నీకు నేచర్ అంటే ప్రాణం కదూ?" అంటూ ప్యాన్‌కేకులు వేసి పెడుతున్నారు. మా వీర్రాజునే చూడండి. కిందటేడు వాళ్లమ్మాయి ధాత్రి జింకను కొట్టిందని మా తెలుగు సంఘంలో శాలువా కప్పాం. ఫొటోలో తుపాకీ వీర్రాజు చేతిలో ఉంది, ఇయర్‌ఫోన్స్ ధాత్రి చెవుల్లో ఉన్నాయి. మైకు చేతికిస్తే ఆ పిల్ల తండ్రి వైపు తిరిగి, "డాడ్, విచ్ వన్ డిడ్ ఐ షూట్?" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం!

ఆ చప్పట్ల మధ్యే నాకు జ్ఞానోదయమైంది. ఒకప్పుడు ఈ దేశానికి మనవాళ్లను మేం స్పాన్సర్ చేశాం. ఇప్పుడు మమ్మల్ని అడవికి స్పాన్సర్ చేసే పిల్లలు కావాలి!

అదృష్టం కొద్దీ నాకు పదిహేనేళ్ల మనవరాలు సాత్విక ఉంది. హంటర్ కోర్సులో నా కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది కూడా. అడగ్గానే ఒప్పుకుని, ఒకే ఒక్క షరతు పెట్టింది.

"తాతా, ఐ షూట్. యూ సిట్."

"అంతేనమ్మా! నేను ఊరికే తోడుంటాను" అన్నాను.

దాని సైన్స్ ప్రాజెక్టులన్నిటికీ నేను ఇలా తోడున్నవాణ్ణే. దాని అగ్నిపర్వతానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చిన రోజు నా కళ్లు చెమర్చాయి. మరి అంత బాగా చేశాను!

కోత అయిపోయిన కెనోలా నూనెగింజల పొలం పక్కన గడ్డి మోపుల వెనక కూర్చున్నాం. తెల్లవారింది. పొదల్లోంచి ఒక జింక తాపీగా నడిచొచ్చి, ఆగి, తల తిప్పింది. ఎడమ చెవికి గాటు! నా గోంగూర దొంగ!

సాత్విక నెమ్మదిగా తుపాకీ ఎత్తింది. ఊపిరి బిగబట్టింది. కోర్సులో చెప్పినట్టే, ఎక్కడా తొణకలేదు. ఇలాంటి సమయంలో ఏ తెలుగు తాతైనా ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను.

"ఇటివ్వమ్మా, నీకు రాదు" అని చెయ్యి చాపాను.

ఆ జింకకు తెలుగు వచ్చనుకుంటా. ఒక్క గెంతు గెంతి పొదల్లో మాయమైంది.

సాత్విక సేఫ్టీ లాక్ వేసి, తుపాకీ దించి, నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఇట్ వాజ్ మై టర్న్, తాతా. వాల్కెనో కూడా నేనే చేద్దామనుకున్నా" అంది. నాకు గుండెలో కలుక్కుమంది. జింక పోయినందుకు కాదు.

కాబట్టి పాఠక మహాశయులారా, ప్రభుత్వం వారికి నాదొక విన్నపం. పిల్లలకు పద్దెనిమిది అని హద్దు పెట్టారు, సంతోషం. మరి పక్కన కూర్చునే పెద్దలకు హద్దేదీ? చేతులు కట్టుకుని ఊరికే కూర్చోగల వయసు వచ్చేదాకా మాలాంటివాళ్లను పొలం దరిదాపులకు రానివ్వకండి! ఆ వయసు ఎంతో నాకూ తెలియదు.

అరవై ఆరు మాత్రం చాలదు.