పరాయి దొర ఉద్యోగం

ఆ దేశంలో స్వాతంత్ర్యం ఏడాదిపాటే పనిచేస్తుంది. జెండా పండగ ముందురోజు పొద్దుగూకేసరికి అయిపోతుంది, జనం నడుములు వాటంతటవే వంగిపోతాయి. మర్నాడు పరాయి దొరను తరిమేస్తే మళ్లీ వస్తుంది. అసలు దొరలు ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయారు, ఎంత బతిమాలినా ఇక రామన్నారు. అందుకని ప్రభుత్వమే ఊరికో దొరను నియమించింది.

చింతలమెట్టలో ఆ ఉద్యోగం భీమశంకరానిది. రిటైరైన డ్రాయింగు మాస్టారు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఒంటరివాడైతే గొడవుండదని పైవాళ్లు ఎంపిక చేశారు.

మొదట్లో అతను ఒక్కపూటే దొర. సాయంత్రం ఇంటికొచ్చి అందరిలో కలిసిపోయేవాడు. రానురాను జనానికి అతన్ని తమలో కలుపుకునే అలవాటు తప్పింది. కాఫీ హోటల్లో అతని బల్ల దగ్గరికి ఎవరూ రారు, నడుం పట్టేస్తుందని భయం. అతనికి అది చాలా కష్టంగా ఉండేది. పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకున్న అరుంధతి ఒక్కతే గోడ మీంచి పలకరించేది.

ఈ ఏడు భీమశంకరం దొరటోపీ పెట్టుకుని మైదానంలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు గానీ, తరిమే వేళకి లేవలేదు.

"ఈ ఒక్కసారికి నేనూ జనంలో నిలబడి జెండా చూస్తానండీ," అన్నాడు తహసీల్దారుతో.

"మీరూ జనమైపోతే మేం ఎవర్ని తరమాలండీ?" అన్నాడు తహసీల్దారు, వంగిన నడుంతో, మర్యాదగానే.

నిజమే కదా అనిపించింది భీమశంకరానికి. అయినా లేవబుద్ధి కాలేదు. ఎండ ముదిరింది. బూందీ పొట్లాలకు చీమలు పట్టాయి. తాడు ఎంత లాగినా జెండా విచ్చుకోలేదు. వంగి నిలబడ్డ బడిపిల్లలు సోలిపోతున్నారు. చివరికి అరుంధతి వచ్చింది.

"అన్నయ్యగారూ, పిల్లలు పడిపోయేలా ఉన్నారండీ. కాస్త వెళ్లిపోదురూ!"

విసరడానికి తెచ్చిన పాత చెప్పు ఆవిడ చేతిలోనూ ఉంది. భీమశంకరం లేచి, ఓడలా అలంకరించిన లారీ ఎక్కాడు. పొలిమేర దాటగానే వెనక నడుములన్నీ నిటారుగా లేచాయి, చప్పట్లు మోగాయి. అతనికి ఏడుపొచ్చింది.

సాగనంపడానికి వచ్చిన తహసీల్దారు హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. "ఇలా మొరాయిస్తే కష్టమని వచ్చే ఏడాది నుంచి ఊరికి ఇద్దరు దొరల్ని పెడుతున్నారండీ. మీకూ తోడుంటుంది. ఎవరైనా ఉన్నారా, మీకు తెలిసినవాళ్లు?"

భీమశంకరం దొరటోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరంతటిలో అతనికి తెలిసిన మనిషి ఒక్కరే.

"మా పక్కింటి అరుంధతిగారండీ. పాపం, ఆవిడా ఒంటరిదే," అన్నాడు.

ఆ మాట అన్నాక, ఎన్నేళ్లకో, అతనికి కూడా పండగ వచ్చినట్టనిపించింది.