కెప్టెన్ గారి ఉతకని బనియను

ఆ ఉదయం కిట్ బాబాయి వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. కాఫీ తాగడం, స్నానం చేయడం, పెరటి వరండాలో కొక్కేనికి వేలాడుతున్న సంచిని రెండు వేళ్ళతో పట్టుకొని మైదానానికి పోవడం, అంతే. ముక్కు మూసుకోవాల్సిన పని ఒకటి ఉంది గానీ, అది ఎప్పుడో అలవాటైపోయింది.

ఆ సంచిలో ఉన్నది జట్టు కెప్టెన్ బనియను. దాని కథ చెప్పాలంటే ముందు జట్టు కథ చెప్పాలి. అదేమంత చెప్పుకోదగ్గది కాదు. ఈ ఏటి లీగ్‌లో మొదటి సగమంతా మనవాళ్ళు వరసగా ఓడారు. టాస్ గెలిస్తే మ్యాచ్ ఓడేవారు, టాస్ ఓడితే రెండూ ఓడేవారు. జట్టు యజమానిది పరుపుల కంపెనీ. జట్టు హాయిగా నిద్రపోతోందని పత్రికలు రాస్తే అది విమర్శో, పరుపులకు ప్రకటనో ఎవరికీ అంతుబట్టేది కాదు. చివరికి ఒకనాడు ఎలాగో గెలిచారు. ఆ సంబరంలో కెప్టెన్ టీవీవాళ్ళ ముందు చొక్కా పైకెత్తి, "ఇంక ఈ బనియను ఉతకనండీ, అదృష్టం పోతుంది!" అన్నాడు. ఆ తర్వాతి మ్యాచ్ కూడా గెలిచారు. ఆ పైదీ గెలిచారు. ఇంకేముంది, బనియను దేవుడైపోయింది. స్లిప్‌లో నిలబడే కెప్టెన్ దగ్గర వచ్చే వాసన భరించలేక వికెట్ కీపర్ రెండడుగులు దూరం జరిగాడు. జరిగాక, ఇన్నాళ్ళూ జారిపోయిన క్యాచ్‌లు అతని చేతికి అందసాగాయి. ఈ సంగతి ఒక్కరూ ఆలోచించలేదు. ఆలోచించేవాళ్ళయితే మొదటి సగం ఎందుకు ఓడతారు!

జట్టు బట్టలూ బ్యాట్లూ చూసుకునేవాడు గనుక దాన్ని కాపాడే భారం బాబాయి నెత్తిన పడింది. సామాన్ల గదిలో పెడితే తోటివాళ్ళు తిరగబడ్డారు. బస్సులో పెడితే డ్రైవరు దిగిపోయాడు. విధిలేక ఇంటికి తెచ్చుకున్నాడు. కథ మొదలైన ఆ ఉదయం చివరి లీగ్ మ్యాచ్ ఉంది. గెలిస్తే ప్లే-ఆఫ్. ఓడితే ఏమవుతుందో యజమాని ముందే తేల్చి చెప్పాడు. "ఆటగాళ్ళకి ఒప్పందాలున్నాయి, వాళ్ళనేం చెయ్యలేను. మిగతావాళ్ళంతా ఇంటికే." ఆ మిగతావాళ్ళలో బాబాయి ఉన్నాడు. బాబాయికి ఈ పని తప్ప ఇంకో పని రాదు.

కాఫీ ముగించి వరండాలోకి వెళ్ళేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. పక్కనే తీగ మీద బనియను ఆరుతోంది, మల్లెపువ్వులా తెల్లగా.

"ఎ... ఎవరుతికారిది?" అన్నాడు బాబాయి.

"నేనే అల్లుడుగారూ," అంటూ అత్తగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ముందు రోజు సాయంత్రమే దిగింది. దిగిన దగ్గర్నుంచీ కంటికి కనబడ్డ గుడ్డనల్లా ఉతుకుతోంది. కర్టెన్లయ్యాయి, సోఫా తొడుగులయ్యాయి. "మూడు నీళ్ళు మారిస్తే గానీ దాని రంగేదో తెలీలేదు నాయనా!" అని, కూతురి మీదికి తిరిగింది. "ఏమే, కట్టుకున్నవాడి బనియను ఇలా ఉంటే చూస్తూ ఊరుకున్నావా? పైగా ఎంత వదులో చూడు! మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. తిండన్నా పెడుతున్నావా?"

"అది ఆయనది కాదమ్మా, ఇంకొకాయనది," అంది బాబాయి భార్య.

"ఇంకొకాయనదా?" అత్తగారు గుండె పట్టుకుని గడప మీద కూలబడింది. "ఇంకో మగాడి బనియను నీ ఇంట్లో ఎందుకుందే?"

తల్లీకూతుళ్ళకి ఆ లెక్క తేలేలోగా బాబాయి బనియనుని తీగ మీంచి లాగి తిరగేసి చూశాడు, మురికి జాడే లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం లోకంలో ఉన్నదే గానీ, అల్లుడి ఉద్యోగాన్ని అత్త ఉతికి ఆరేయడం ఎక్కడైనా విన్నామా! ఏం పాపం చేశాన్రా దేవుడా అనుకున్నాడు.

ఆదుకున్నవాడు అత్తగారితో పాటే దిగిన బావమరిది. అతను ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాడు, వాటిని ఎక్కువగా పడుకునే చేస్తాడు. "కంగారు పడకు బావా. మురికి వదిలించడం కష్టం గానీ పట్టించడం ఎంతసేపు? నేను తొడుక్కుని డాబా మీద పరిగెడతాను. నా చెమట సంగతి నీకు తెలీదు," అన్నాడు.

తెలియకపోవడమేం, బాబాయి అతనితో ఒకే గదిలో పడుకున్నవాడే. సరేనన్నాడు. బావమరిది తడి బనియను తొడుక్కుని డాబా చుట్టూ పరుగు లంకించుకున్నాడు. చెమట పట్టడం మాట అటుంచి చలేసి తుమ్మడం మొదలెట్టాడు. అదీగాక అసలు బనియనుకి ఎడం భుజం మీద కాఫీ మరక ఉండేది. దాన్ని జట్టంతా ఎరుగుదురు. "ఆగరా, ఆగు!" అంటూ బాబాయి కాఫీ గ్లాసు పట్టుకుని అతని వెనక పరిగెత్తి భుజం మీద కుమ్మరించాడు. ఆ క్షణానే అత్తగారు దుప్పట్లు ఆరేయడానికి పైకి వచ్చింది.

కన్నకొడుకు ఎవరిదో తడి బనియను తొడుక్కుని తుమ్ముతూ పరిగెడుతున్నాడు. అల్లుడు వెంటపడి కాఫీ పోస్తున్నాడు. ఆవిడ చూసినది చూసినట్టు అర్థం చేసుకుంది. "అయ్యో! ఓడీ ఓడీ అల్లుడికి మతి పోయిందే!" అని కిందికి కేకేసి, కొడుకు ఒంటిమీంచి బనియను లాగేసి, ఈసారి సువాసన సబ్బుతో మళ్ళీ ఉతికింది. ఇంతలో వీధిలో జట్టు బస్సు హారన్ కొట్టింది. బాబాయి కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ కొట్టుకుని, నీళ్ళోడుతున్న బనియనునే సంచిలో కుక్కుకుని బస్సెక్కాడు. ఆ రోజు డ్రైవరు అతన్ని చూసి మొదటిసారి నవ్వాడు.

మైదానంలో బాబాయి గుట్టుగా, ఆటగాళ్ళకి నూనె రాసి ఒళ్ళు పట్టే మాలిష్ మాస్టారికి ఒక్కడికే చెప్పుకున్నాడు. "మూడో కంటివాడికి తెలియకూడదు మాస్టారూ." "నాకొదిలెయ్ బాబాయ్," అన్నాడు మాస్టారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అరగంటలో కోచ్ వచ్చి బాబాయిని మూలకి లాగాడు. ఆయన ఉద్యోగం కూడా ఆ మిగతావాళ్ళలోదే. "నాకంతా తెలుసు. ఏర్పాటు చేశాను. నువ్వు నోరు మూసుకో," అన్నాడు. ఎవరు ఏం ఏర్పాటు చేశారో, అసలు ఆయనకి ఏం తెలుసో బాబాయికి ఏమీ పాలుపోలేదు. బుర్ర తిరిగి బ్యాట్లకి తొడగాల్సిన రబ్బరు తొడుగులు వికెట్లకి తొడుగుతూ కూర్చున్నాడు.

ఆట మొదలయ్యే ముందు కెప్టెన్ అందరి ఎదుటా సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక బనియను వచ్చింది, నూనె కంపు కొడుతోంది. మళ్ళీ పెడితే ఇంకోటి వచ్చింది, కోచ్ పాఠాలు చెప్పే బోర్డు తుడిచిన నల్ల మరకలతో. మూడోసారి తెల్లటి తడి బనియను వచ్చింది.

"నూనెదే అసలుది!" అన్నాడు మాలిష్ మాస్టారు.

"నల్లది!" అన్నాడు కోచ్.

"ఏది అసలుదో అసలు బనియనునే అడగాలి," అన్నాడు వికెట్ కీపర్, అలవాటు కొద్దీ దూరంగా నిలబడి.

అప్పుడు తలుపు తోసుకుని బావమరిది ఊడిపడ్డాడు. ముఖమంతా చెమట. చేతిలో నాలుగోది, తన సొంత బనియను. "బావా! ఇల్లు తిరిగి వీధి తిరిగి ఇక్కడిదాకా పరిగెత్తుకొచ్చాను. ఇప్పుడు కుదిరింది, కావాలంటే వాసన చూడు!" అన్నాడు గర్వంగా.

బాబాయికి దాచడానికి ఇంకేం మిగల్లేదు. అత్తగారి దగ్గర్నుంచి కాఫీ గ్లాసు దాకా మొత్తం కక్కేశాడు. కెప్టెన్ అంతా విని, తడి బనియనుని ముఖానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. కళ్ళు తెరిచేసరికి అవి చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఎంత బాగుంది బాబాయ్! ఆ రోజేదో నవ్వులాటకి అన్నాను. మీరంతా నమ్మేశారు, ఇంక కాదనలేకపోయాను. మా ఆవిడ నన్ను హాల్లో పడుకోబెడుతోంది. మా పాప దగ్గరికి రావట్లేదు."

"మేం నమ్మామా? నువ్వు నమ్ముతున్నావని మేం ఊరుకున్నాం!" అన్నాడు కోచ్. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నమ్మినవాడు ఒక్కడూ తేలలేదు. అయినా కెప్టెన్ తడి బనియను తొడుక్కోగానే ఎవరి గుండె వాళ్ళకి దడదడలాడింది.

అవతలి జట్టు ఆడి ముగించాక, ఆ బనియనుతో బ్యాటింగుకి వెళ్ళిన కెప్టెన్ మొదటి బంతికే బౌల్డ్. గదిలో తలలన్నీ బాబాయి వైపు తిరిగాయి. బాబాయి సరంజామా సర్దడం మొదలెట్టాడు. ఒక్కొక్క వికెట్టే పడుతుంటే ఒక్కొక్క పెట్టే మూశాడు. చివరికి బ్యాటు ఎటు పట్టుకోవాలో సరిగ్గా తెలియని పదకొండోవాడు కళ్ళు మూసుకుని ఊపితే, బంతి అంచుకి తగిలి కీపర్ కాళ్ళ సందులోంచి బౌండరీకి పోయింది. గెలిచారు! కెప్టెన్ సున్నా కొట్టాడు, జట్టు ప్లే-ఆఫ్‌కి వెళ్ళింది. ఇది బనియను మహిమా, బనియనుని ఉతికినా గెలవడమా, ఎవరికీ తేలలేదు.

ఆ గొడవలోనే యజమాని గదిలోకి వచ్చాడు. సంగతి ఆయన చెవిన అప్పటికే పడింది. ముఖం గంభీరంగా ఉంది.

"ఆ బనియను ఉతికిందెవరు?"

బాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి. "మా అత్తగారండీ! నాకేం సంబంధం లేదు!"

"నువ్వు సాయం చెయ్యలేదూ?"

"ఒట్టండీ, చిటికెన వేలు కూడా తడవలేదు. వద్దంటున్నా వినకుండా రెండుసార్లు ఉతికింది. అంతా ఆవిడే. కావాలంటే వీళ్ళనడగండి!"

అందరూ అవునన్నారు. అంత నిజాయితీగా వాళ్ళు ఆ సీజన్‌లో దేనికీ అవుననలేదు.

యజమాని ముఖం విప్పారింది. "కళ్ళముందే చూశాంగా, ఉతికాకే ప్లే-ఆఫ్ వచ్చింది. అదృష్టం బనియనులో లేదయ్యా, ఉతికిన చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ తప్పుమనిషికి అప్పగించాం. ఆ ఉద్యోగం ఆవిడకి ఇచ్చెయ్యండి," అన్నాడు.

ప్రస్తుతం జట్టు కిట్ మేనేజర్ అత్తగారు. అల్లుడుగారు క్లిప్పులు అందిస్తారు.