టక్ మనే పానా

ఆ ఉదయం రుక్మాబాయి వేసుకున్న పథకంలో ఇంజన్ లేదు. పొయ్యి మీద కోవా ఉంది, దాన్ని కలిపే తెడ్డు ఉంది, కోవాను బేగంబజార్ చేర్చడానికి వాకిట్లో ట్రాలీ ఆటో ఉంది. ఆ ఆటోకు ఇంజన్ అనేది ఒకటి ఉంటుందని, అది సరిగ్గా ఈ రోజే తన భర్త కంట్లో పడుతుందని మాత్రం ఆమె అనుకోలేదు.

పురానాపూల్ దగ్గరి గల్లీలో వాళ్లది పాల వ్యాపారం. పాలు పోసి రావడం మొగులయ్య పని, మిగిలిన పాలను కోవా చేయడం రుక్మాబాయి పని. ఆ కోవా బేగంబజార్‌లో గుండయ్య సేఠ్ మిఠాయి దుకాణానికి ఎక్కాలని ఆమెకు రెండేళ్లుగా ఆశ. చివరికి సేఠ్ ఒక మెట్టు దిగాడు. మనవరాలు కీర్తిప్రియ నిశ్చితార్థానికి పేడాలు చుట్టించడానికి కోవా తెమ్మన్నాడు. "మధ్యాహ్నంలోపల ఇంటికి రావాలమ్మా. మా చుట్టాలు మెచ్చుకుంటే దుకాణానికి రోజూ నీ కోవానే. లేకుంటే మళ్ల అడగొద్దు" అన్నాడు. వెళ్లబోతూ మొగులయ్య వైపు తిరిగి, "నీ బండి మా గేటు ముంగట ఆయిల్ కార్చకుండ చూడు. కొత్తగ బండలు పరిపిచ్చిన" అని కూడా అన్నాడు.

రుక్మాబాయి మొదటి మాట పట్టుకుంది. మొగులయ్య చివరి మాట పట్టుకున్నాడు.

అందుకే ఆమె పెద్ద కడాయిలో పాలు మరగబెట్టి తెడ్డు వేస్తున్న సమయానికి అతను ట్రాలీ సీటు ఎత్తి ఇంజన్ వైపు చూస్తున్నాడు. పక్కన అతని బామ్మర్ది మహేందర్ ఉన్నాడు. ప్రైవేటు బస్సుల గ్యారేజీలో స్టోరు తాళాలు అతని దగ్గరే ఉంటాయి కాబట్టి బండ్ల గురించి ఏది చెప్పినా చెల్లుతుంది. చేతిలో పొడుగాటి, మెరిసే పానా ఒకటి ఉంది.

"ఏంది తమ్మీ గది?" అని వంటింట్లోంచే అడిగింది రుక్మాబాయి.

"టార్క్ పానా అక్కా. దీనికి బుద్ధి ఉంటది. బోల్టు ఎంత బిగియ్యాల్నో ముందే దీని మీద పెట్టాలె. గంతకు రాంగనే టక్ మంటది. టక్ మన్నదంటే ఇగ ఆపాలె."

"గసువంటిది మనుషులకు గూడ దొరుకుతదా?"

"అర్ధ గంట పని రుక్మా" అన్నాడు మొగులయ్య, ఆ ప్రశ్న తనను ఉద్దేశించింది కాదన్నట్టుగా. "నాలుగు బోల్టులు విప్పుడు, ఆయిల్ కారకుండ కొత్త ప్యాకింగ్ ఏసుడు, నాలుగు బోల్టులు బిగిచ్చుడు. నీ కోవా దిగేలోపల బండి తయ్యార్. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయవద్దని మొగులయ్య అన్న ప్రతిసారీ ఆమె కొంగు బిగించి దోపుకుంటుంది. ఈసారి కూడా దోపుకుంది.

మూడు బోల్టులు మామూలు పానాకే వదిలాయి. నాలుగోది కదల్లేదు. మొగులయ్య ఊపిరి బిగపట్టాడు, కాలితో తన్నాడు, కిరోసిన్ పోశాడు, చివరికి బతిమాలాడు. "టార్క్ పానా పెడదామారా?" అంటే మహేందర్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇప్పనీకి గాదు బావా, ఇది బిగియ్యనీకే. ఖరాబైతే నా నౌకరీ పోతది. పాత పానాకే పైపు తొడుగు, జోర్ వస్తది."

పైపు కోసం మొగులయ్య ఇల్లంతా కలియజూశాడు. రుక్మాబాయి చక్కెర డబ్బా కోసం లోపలి గదిలోకి పోయి వచ్చేసరికి పొయ్యి పక్కన తెడ్డు ఉంది గానీ దానికి పిడి లేదు. వెల్డింగ్ దుకాణంలో ఆమె ప్రత్యేకంగా పెట్టించుకున్న ఇనుప పైపు పిడి.

"ఓ అయ్యా! నా తెడ్డు పైపేది?"

"వస్తున్నది, వస్తున్నది. ఒక్క బోల్టు!"

కోవాకు ఒక్క బోల్టుదాకా ఆగే ఓపిక ఉండదు. ఆమె పొట్టి గరిటెతో కలపడం మొదలుపెట్టింది. చెయ్యి కాలుతుంటే మార్చుకుంటూ, మార్చుకున్నప్పుడల్లా భర్తను తలుచుకుంటూ కలిపింది. కడాయి అడుగున కోవా రంగు మారడం ఆమెకు కనబడుతూనే ఉంది.

బయట మొగులయ్య ట్రాలీ కింద పడుకుని బోల్టును చూస్తూ ఆజ్ఞలిస్తున్నాడు. మహేందర్ పైనుంచి పైపు పట్టి లాగుతున్నాడు.

"ఎడమకు తిప్పురా!"

"ఎడమకే తిప్పుతున్న బావా!"

"గిది ఎడమనా? నా ఎడమ చెయ్యి గీ దిక్కున్నది!"

"మరి నా ఎడమ చెయ్యి గా దిక్కున్నది. నేనేం జెయ్యాలె?"

ఈ చర్చ ముగిసేలోపు, విప్పాల్సిన బోల్టును ఇద్దరూ కలిసి ఇంకాస్త బిగించారు. చెమట తుడుచుకుంటూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. చివరికి రుక్మాబాయి గరిటెతోనే గడపలోకి వచ్చింది. "ఇద్దరు ఒక్క దిక్కున కూసోండ్రి. గప్పుడు ఇద్దరికీ ఎడమ ఒక్క దిక్కే ఉంటది" అని చెప్పి, తన పైపు తాను లాక్కుని లోపలికి పోదామనుకుంది. అంతలోనే ఇద్దరూ ఒకే వైపు కూర్చుని, ఆ పైపుతోనే ఒక్క గుంజు గుంజారు. బోల్టు కీచుమని వదిలింది. మహేందర్ వెనక్కి పడ్డాడు. పైపు ఆమె చేతికి వచ్చేసరికి కోవా గోధుమ రంగులో ఉంది.

తెల్లటి కోవాకే పేరు పడాలనుకున్న మనిషి ఆ రంగు చూసి పొయ్యి ఆర్పేసింది. రెండు బేసిన్లలోకి ఎత్తి, పైన తడిగుడ్డ కప్పింది. గుడ్డ కింద రంగు కనబడదు గదా అని కొద్దిసేపు ధైర్యంగా ఉంది.

ఇక మిగిలింది బిగించడం. కొత్త ప్యాకింగ్ వేసి, టార్క్ పానా మీద అంకె పెట్టి, మహేందర్ దాన్ని బావ చేతికి ఇచ్చాడు, చంటిపిల్లను ఇచ్చినట్టు. "మెల్లగ గుంజు. టక్ మనంగనే ఆపు. మీదికెళ్లి ఒక్క ఇంచు గూడ పోవద్దు, బోల్టు ఇరుగుతది."

సరిగ్గా అప్పుడే గల్లీ మలుపులో మున్నా మంట వేశాడు. మున్నాది పెళ్లిళ్లకు వాయించే మర్ఫా డప్పుల బ్యాండు. వాయించడానికి పోయేముందు డప్పుల తోళ్లను మంట దగ్గర కాచి, బిగువు వచ్చిందా లేదా అని పుల్లతో ఒక్కటి కొట్టి చూస్తారు. కాచడం, కొట్టడం, మళ్లీ కాచడం. అది ఈ గల్లీలో వారానికి రెండుసార్లు జరిగేదే కాబట్టి ఎవరి చెవికీ పట్టదు.

మొగులయ్య మొదటి బోల్టుకు పానా పెట్టి కొద్దిగా గుంజాడు.

టక్.

"వచ్చింది!" అన్నాడు మహేందర్.

"గింత జల్దినా?"

"కొత్త పానా గదా బావా."

రెండోది ఇంకా తొందరగా వచ్చింది. మూడోదానికి పానా అలా ఆనించాడో లేదో టక్ మన్నది. నాలుగోది, పొద్దున్నించీ పరేషాన్ చేసిన ఆ మొండిది కూడా అంతే. మొగులయ్య కళ్లు చెమర్చాయి. "పాత పానాతోని భుజాలు పడిపోతుండె. చదువుకున్న పానా చదువుకున్నదే" అన్నాడు.

బేసిన్లు ఎక్కించారు. రుక్మాబాయి వాటి మధ్య కూర్చుంది. ఇంజన్ చక్కగా స్టార్టయింది. ట్రాలీ గల్లీ మలుపుదాకా హుందాగా పోయి, అక్కడ బుస్సుమని ఆయిలంతా కక్కి, గల్లీకి అడ్డంగా ఆగిపోయింది.

మహేందర్ దూకి సీటు ఎత్తాడు. మొదటి బోల్టును వేలితో తిప్పితే తిరిగింది. రెండోది కూడా. ప్యాకింగ్ చినిగి బయటికి వేలాడుతోంది.

"బావా, టక్ మన్నది గదా?"

"అన్నది. నేను ఇన్న."

"నేను గూడ ఇన్న."

"నాలుగు పారీలు అన్నదిరా!"

ఇద్దరూ సీటు వెనక పడుకున్న పానా వైపు చూశారు. దాన్నెవరూ ముట్టుకోలేదు.

టక్.

మొగులయ్య ఒక్క గెంతు వెనక్కి వేశాడు. "అరె, ఉత్తగనే అంటున్నదిరా! ఏం పానా తెచ్చినవ్ నువ్వు?"

మహేందర్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "స్టోరుల ఉన్నన్ని దినాలు గిట్ల జెయ్యలే బావా..."

రుక్మాబాయి ట్రాలీలోంచే చెయ్యి చాపి చూపించింది. ఆ చెయ్యి పోయిన వైపు ఇద్దరూ తిరిగారు. మున్నా మంట ముందు గొంతుక్కూచుని, డప్పు తిప్పి, పుల్లతో మరొక్కటి కొట్టాడు. టక్.

అడ్డంగా ఆగిన ట్రాలీని చూసి మున్నా కోపంగా లేచాడు. "మొగులన్నా, బండి తియ్యి భాయ్! మా గాడీ లోపటికెట్ల రావాలె? డబ్బై కిలోల సామాన్ ఉన్నది మాది. షాదీవాళ్ల ఇంట్ల టైముకు పోకుంటే ఇజ్జత్ పోతది!"

"ఇజ్జత్ గురించి నాకు జెప్తున్నవా? నీ డప్పులు టక్ టక్ అనకుంటే నా బండి గిట్ల అయితుండెనా?"

"డప్పు టక్ అనక మ్యావ్ అంటదా?"

లొల్లి గల్లీ దాటింది. అటు నుంచి బ్యాండు గాడీ రాదు, ఇటు నుంచి ట్రాలీ పోదు. ఎండ పైకి ఎక్కుతోంది. తడిగుడ్డ ఆరుతోంది. రెండేళ్ల ఆశ రెండు బేసిన్లలో తన పక్కనే కూర్చుని ఉండగా రుక్మాబాయి ఇక ఓపిక పట్టలేకపోయింది.

"మున్నా భాయ్, ఇంతకూ మీరు పోయేదెక్కడికి?"

"బేగంబజార్. గుండయ్య సేఠ్ ఇంటికి."

మొగులయ్య అంతవరకు మున్నా మీదికి చాపిన వేలు మడుచుకున్నాడు.

ఆ తర్వాత నిర్ణయాలన్నీ రుక్మాబాయే చేసింది. నడిచిపోతే అందుతుంది. ఒక బేసిన్ మొగులయ్య నెత్తికి, ఇంకొకటి మహేందర్ నెత్తికి ఎక్కింది. డప్పులు మోసేవాళ్లు డప్పులు మోశారు. కాచిన తోళ్లు చల్లారితే బిగువు పోతుందని మున్నా దారిపొడవునా వాయిస్తూనే ఉండమన్నాడు. కాబట్టి వాయించారు. ముందు మర్ఫా, మధ్యలో కోవా, వెనక రుక్మాబాయి. పాలబూతు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు ఇది ఏ దేవర ఊరేగింపో అర్థంకాక బేసిన్లకు దండం కూడా పెట్టారు.

గుండయ్య సేఠ్ గేటు ముందు వియ్యంకులు అప్పుడే కార్లు దిగుతున్నారు. మర్ఫా మోతతో తమకు ఎదురొస్తున్న రెండు కోవా బేసిన్లను చూసి పెళ్లికొడుకు తండ్రి ఆగిపోయాడు. "కోవాకు గూడ బ్యాండా? వహ్వా సేఠ్!" అన్నాడు. సేఠ్ కూడా అంతే తికమకపడ్డాడు గానీ వియ్యంకుల ముందు తికమకపడటం ఇష్టంలేక తల పంకించాడు.

రుక్మాబాయి కళ్లు మూసుకుని తడిగుడ్డ తీసింది. సేఠ్ కొద్దిగా కోవా గిల్లి నోట్లో వేసుకున్నాడు. వియ్యంకుడూ వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు.

"ఎర్రగ కాల్చినవే అమ్మా! గిసువంటి కోవా తిని ఎన్నేండ్లయిందో" అన్నాడు సేఠ్. "రేపటి నుంచి దుకాణానికి నీదే. కని ఒక్క మాట. అచ్చం గిదే రంగు, గిదే రుచి ఉండాలె. ఇసుమంత తేడా వచ్చినా వాపస్ పంపుత." తర్వాత గేటు ముందు బండలు చూసుకున్నాడు. ఒక్క చుక్క ఆయిల్ లేదు.

మరునాటి నుంచి రుక్మాబాయి ఎంత ప్రయత్నించినా ఆ రంగు రాలేదు. మంట పెంచితే మాడింది, తగ్గిస్తే తెల్లబడింది. రెండు దినాలు వాపస్ వచ్చాక ఆమె బాగా ఆలోచించి, మూడోనాడు కోవా దగ్గరపడే సమయానికి తెడ్డు పైపు ఊడదీసి తీసుకుపోయి మొగులయ్య చేతిలో పెట్టింది. ఆనాటి కోవా వాపస్ రాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున అతను ట్రాలీ బోల్టులు విప్పి బిగిస్తుంటాడు; ఎడమకు తిప్పినా కుడికి తిప్పినా ఆమెకు అభ్యంతరం లేదు.