గుంభనరావు గారికి ఘన సన్మానం

ఒక పెద్ద అడవిలో, పెద్దదని అడవిని అన్నాను గానీ అందులో ఉండేవాళ్ల బుర్రల్ని అనలేదు, ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లయినా, పేరంటమైనా, పులి దొరవారి పుట్టినరోజైనా అది మోగాల్సిందే.

పాడేది నెమలి. గొంతు సంగతి అడక్కండి, పింఛం చూసి పెట్టుకున్నారు. గిటారు వాయించేది కొమ్మేశం అనే కోతి. డ్రమ్ములు వడ్రంగిపిట్టవి. వీళ్లందరి వెనక, స్తంభం పక్కన, లైట్లు పడనిచోట ఒక ఎలుగుబంటి నిలబడి బేస్ గిటారు వాయించేవాడు. ఆయన పేరు గుంభనరావు.

గుంభనరావు పగలంతా వాగుల శాఖలో గుమాస్తా. ఏ వాగులో ఎవరు ఏ పూట నీళ్లు తాగాలో చీటీలు రాసివ్వడం ఆయన ఉద్యోగం. సాయంత్రమైందంటే మాత్రం మనిషే మారిపోయేవాడు. ఎలుగును మనిషి అన్నానని నవ్వకండి, ఆఫీసు నుంచి బయటపడ్డ ఏ ప్రాణికైనా ఆ మాట వర్తిస్తుంది.

బేస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతున్నాను. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే, ఆయన గిటారుకు లావుపాటివి నాలుగే. పాట పైన ఎగిరి గంతులేస్తుంటే అడుగున ఉండి మోసేది అదే. మోసేవాణ్ణి ఎవరు చూస్తారు చెప్పండి? దారిలో ఎదురైన ప్రతి కుందేలూ "ఏం గుంభనం గారూ, మిగతా రెండు తీగలూ తెగిపోయాయా?" అని అడిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇంట్లో భ్రమరమ్మ అలా ఊరుకునే రకం కాదు.

"ఇంకో గిటారు తెచ్చారా? ఉన్నదానికేం రోగం?"

"అది వేరు, ఇది వేరు భ్రమరా. దీని నాదం కాస్త గుండ్రంగా ఉంటుంది."

"గుండ్రంగా ఉండటానికి అదేమన్నా లడ్డూనా? రెండూ నల్లగానే ఉన్నాయి. మొన్న స్పీకరు పెట్టె తెచ్చారు, గుహలో నేను కాలు చాపుకునే చోటు పోయింది. కాలితో నొక్కే ఆ బుల్లి పెట్టెలు తెచ్చారు, అవేం చేస్తాయో మీకే తెలీదు."

"ఈసారి వేదిక దగ్గర కూర్చుని విను, నీకే తెలుస్తుంది."

"కూర్చున్నాను. మీరు వాయించడం కనబడింది. వినబడలేదు."

ఇలా ఉండగా కొమ్మేశానికి బావమరిది రూపంలో గండం వచ్చింది. వాడో కొండముచ్చు. ఏ పనీ చేతకాదు గానీ, గుప్పుగుప్పున పొగ వదిలే యంత్రం ఒకటి ఎక్కణ్ణించో సంపాదించాడు. "మా తమ్ముణ్ణి ఆర్కెస్ట్రాలో పెట్టించకపోతే మా పుట్టింటి చెట్టెక్కుతాను" అని కోతి పెళ్లాం కూర్చుంది. చూస్తే వేదిక మీద అడుగు పెట్టే సందు లేదు, గుంభనరావు నిలబడే చోటు తప్ప.

కొమ్మేశం సరాసరి కళాసంఘం కార్యదర్శి నక్క దగ్గరికి వెళ్లాడు. ఆ నక్కకు పాటలంటే పెద్దగా పట్టదు గానీ, మీటింగులంటే చెవి కోసుకుంటుంది.

"సార్, ఆ బేస్ ఎవరికీ వినబడి చావదు. ఆయన్ని తీసేద్దాం."

"తీసేస్తే ఎలుగుకు కోపం వస్తుంది. నువ్వు తట్టుకోగలవా?" అంది నక్క. "తీసెయ్యొద్దు. సన్మానం చేద్దాం."

"సన్మానమా! ఆయనకా?"

"ఓరి పిచ్చివాడా, శాలువా కప్పించుకున్న పెద్దమనిషి మళ్లీ వేదికెక్కి చెమటలు కక్కుతూ వాయిస్తే మన సంఘానికి పరువు తక్కువ కాదూ? కాబట్టి సన్మానం అయినవాళ్లు ఇక వాయించకూడదు. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడతాం. పద, ఆ తీర్మానం నువ్వే ప్రవేశపెట్టు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గాడిద రెండుసార్లు చెయ్యెత్తింది, ఎందుకో అడిగినవాళ్లు లేరు.

సన్మానమనగానే పాపం గుంభనరావు పొంగిపోయాడు. మిగతా సగం విన్నాక కుంగిపోయాడు. ఆ రాత్రి తేనెపట్టు ముందు పెడితే ముట్టుకోలేదు.

"పొద్దస్తమానం చీటీలు రాస్తాను భ్రమరా. సాయంత్రం ఆ కాసేపు వాయిస్తేనే నేను బతికున్నట్టు ఉంటుంది నాకు. అదీ లాక్కుంటున్నారు. పైగా దండ వేసి లాక్కుంటున్నారు" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఇన్నాళ్లూ దెప్పిన భ్రమరమ్మ తేనెపట్టును మళ్లీ ఆయన ముందుకు జరిపింది. "ఆ శాలువా ఎంత పెద్దదట?" అని అడిగింది.

"శాలువా సంగతి ఇప్పుడెందుకే?"

"మీ ఒంటికి చిన్నది కప్పితే నలుగురూ నవ్వరూ? దుప్పటంత ఉండాలని నక్కగారికి నేను చెబుతాను. మీరు తేనె తినండి ముందు."

పులి దొరవారి అమ్మాయి పెళ్లిలో సన్మానం పెట్టారు. నక్క మైకు పట్టుకుని, "గుంభనరావు గారి వేణుగానం గురించి చెప్పాలంటే..." అని మొదలెట్టింది. వెనక నుంచి ఎవరో "వేణువు కాదండీ" అన్నారు. "వారి వీణ గురించి..." అంది. "వీణా కాదండీ." నక్క తడుముకోకుండా, "వారు ఏది వాయించినా అద్భుతంగా వాయించారు!" అని ముగించింది. చప్పట్లే చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది కొమ్మేశం.

శాలువా కప్పి, ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. "మా ఆయనకు కాళ్ల వాపు, పీట ఉండాలి" అంటూ భ్రమరమ్మ గుడ్డ కప్పిన పెట్టె ఒకటి తెచ్చి ఆయన కాళ్ల కింద పెట్టింది.

పాట మొదలైంది. పొగ గుప్పుమంది. నెమలి పింఛం విప్పింది. అయినా ఏదో వెలితి. ఉప్పు లేని పప్పులా ఉంది పాట. పెళ్లంటే చాలు ఊగిపోయే ఏనుగులు నిలబడి చెరుకు నములుతున్నాయి. పులి దొర ఆవలించాడు. పులి ఆవలిస్తే కోరలు కనబడతాయి కదా, కొమ్మేశానికి చెమటలు పట్టాయి. గిటారు శబ్దం పెంచాడు. ముసలి తాబేలు చెవులు మూసుకుంటూ తల లోపలికి లాక్కుంది.

"ఏమండీ, చేతులు ముడుచుకుని కూర్చున్నారేం?" భ్రమరమ్మ గుసగుసలాడింది. "పీట అనుకుంటున్నది మీ స్పీకరు పెట్టె. గిటారు కుర్చీ వెనకాలుంది. శాలువా కిందికి లాక్కోండి."

"తప్పు కాదుటే? నేను వాయించకూడదని తీర్మానం చేశారు."

"మీరు వాయించినట్టు ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్లూ ఎవరికి తెలిసింది గనక!"

ఆ మాట నిజమే. గుంభనరావు శాలువా కింద వేళ్లు కదిపాడు.

నేల గుమ్మంది. ముందు ఒక ఏనుగు కాలు ఆడింది. తర్వాత తొండం. ఆ పైన మొత్తం ఏనుగుల మందంతా ఊగడం మొదలెట్టింది. జింకలు లేచాయి, అడవి పందులు లేచాయి, పెళ్లికొడుకు పీటల మీంచి లేచాడు. భ్రమరమ్మ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. అక్కడ దడదడలాడుతోంది. "అయ్యో రామ! ఇదా మీరు వాయించేది!" అంది కళ్లనీళ్లతో నవ్వుతూ.

పులి దొర నక్కను పిలిచాడు. "ఇందాక చప్పగా ఉంది, ఇప్పుడు అదిరిపోతోంది. కారణమేంటి?"

తెలీదంటే ఉద్యోగం ఊడుతుంది. నక్క చేతులు కట్టుకుని, "సన్మాన ఫలితం దొరా. అది కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది" అంది.

"భేష్! ఒక్క ఎలుగును సన్మానిస్తేనే ఇంత బాగుందే! ఆ కోతికి కూడా చెయ్యండి."

"దొరా, నేను గిటారు వాయిస్తున్నాను!" అని కొమ్మేశం లబోదిబోమన్నాడు.

"సన్మానం అయినవాళ్లు వాయించకూడదు నాయనా. తీర్మానం నువ్వు పెట్టిందే" అంది నక్క, దండ మెడలో వేస్తూ. వాడి చోట్లోకి బావమరిది రెండో పొగ యంత్రంతో ఎక్కేశాడు.

కొమ్మేశాన్ని తెచ్చి గుంభనరావు పక్క కుర్చీలో కూలేశారు. వాడికి కప్పింది చేతిరుమాలంత శాలువా. మొహం వేలాడేసుకుని కూర్చున్నవాడు కాసేపటికి ఉలిక్కిపడి కుర్చీ కిందికి చూశాడు.

"గుంభనం గారూ, ఏంటీ గుమ్ గుమ్మని? నా కడుపులో తిరుగుతోంది, భలే హాయిగా ఉంది!"

"బేస్ నాయనా."

"ఎప్పటి నుంచి ఉందిది?"

"నువ్వు ఆర్కెస్ట్రాలో చేరక ముందు నుంచీ."

కొమ్మేశం తల దించుకున్నాడు. సిగ్గేసిందో, చేతులు దురద పెట్టాయో, మెల్లగా దగ్గరికి జరిగి, "అయ్యా, ఆ శాలువా కింద నాక్కాస్త చోటిస్తారా? నా గిటారు చిన్నదే" అన్నాడు.

గుంభనరావు భార్య వైపు చూశాడు. "రానివ్వండి, వాడూ మనలాంటివాడే" అంది భ్రమరమ్మ. ఆయన శాలువా అంచు ఎత్తిపట్టాడు.

కాబట్టి కార్యదర్శులారా, ఎవరినైనా వదిలించుకోవాలంటే నిరభ్యంతరంగా సన్మానం చెయ్యండి, శాలువా మాత్రం చిన్నది కొనండి.