ఒంటి తుమ్ము పాస్‌వర్డ్

ఒక పెద్ద అడవిలో ఆ ఏడాది వానలు ఎంత జోరుగా కురిశాయంటే, ఆఫీసు గుహకు వెళ్లే దారి కాస్తా వాగైపోయింది. "రోజూ రానక్కర్లేదు, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని పని చేసుకోండి" అన్నాడు సింహరాజు. ఉద్యోగులు ఎగిరి గంతేశారు.

ఆ గుహలోనే ఉన్నాయి అడవంతా వానాకాలం తినాల్సిన గింజలూ, దుంపలూ. పాస్‌వర్డ్ చెబితే కాపలా ముళ్లపంది తలుపు తీస్తుంది. గుమస్తా ఉడుత చారలమ్మ పిల్లలు కూడా ఆ గింజల మీదే బతకాలి.

భద్రతాధికారి ఏనుగు కుంభయ్యకు మాత్రం కంటిమీద కునుకు లేదు. పాత పాస్‌వర్డ్ "అరటిపండు".

"మీరంతా ఇళ్లలో కూర్చుంటే దొంగలకు పండగే! ఇదేం పాస్‌వర్డ్, పసిపిల్ల కూడా చెప్పేస్తుంది" అని ఘీంకరించి కొత్తది తయారుచేశాడు: "కుహూ-బెకబెక-ముంగిస-తోక-హాచ్చి!"

"చివర ఆ తుమ్మెందుకండీ?" అంది చారలమ్మ.

"ఏదో ఒక ప్రత్యేక గుర్తు ఉండాలమ్మా, రూలు. ఒక్క తుమ్మే సుమా! ఎక్కడా రాసుకోకూడదు."

రాసుకోవద్దంటే ఏం చేస్తారు పాపం? బట్టీ పట్టారు. ఎలుగుబంటి బొంతయ్య స్నానం చేస్తూ, చారలమ్మ పిల్లలకు జోల పాడుతూ. మర్నాటికల్లా ఉడుత పిల్లలు దాన్ని ఆటపాట చేసుకుని కొమ్మకొమ్మకూ గెంతుతున్నారు. చెట్టు కింద నక్క జిత్తులయ్య తాళం వేస్తూ నేర్చేసుకున్నాడు.

"అయ్యా, ఇళ్లలో పిల్లలు వింటున్నారు" అని చారలమ్మ మొరపెట్టుకుంది.

"పిల్లలు ఉద్యోగులు కారుగా! వాళ్లకు రూల్సు వర్తించవు" అన్నాడు కుంభయ్య.

వాన తెరిపిచ్చాక అందరూ తిండి కోసం గుహకు చేరారు. బొంతయ్య పాస్‌వర్డ్ మొత్తం అప్పజెప్పి "హాచ్చి!" అన్నాడు. అనగానే నాలుక్కరుచుకున్నాడు. శుభమా అని గడప దాటబోతూ ఒంటి తుమ్మా! అపశకునం పోవాలని గబుక్కున రెండోది కూడా తుమ్మేశాడు.

"రెండు తుమ్ములు. పాస్‌వర్డ్ తప్పు" అంది ముళ్లపంది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నేనయ్యా, బొంతయ్యని!"

"మొహం చూసి తీయమని రూలు లేదు."

చారలమ్మ ఒక్కటే తుమ్మాలని ముక్కు బిగబట్టింది. కానీ పస్తున్న పిల్లలు కళ్లముందు మెదిలారు. వాళ్ల తిండికి వచ్చి ఒంటి తుమ్ముతో లోపలికెలా పోతుంది? ఆమె కూడా రెండోది తుమ్మేసింది. వరుసంతా జంట తుమ్ములే. అందరూ ఉత్త చేతులతో ఇంటిదారి పట్టారు.

జిత్తులయ్యకు శకునాల పట్టింపు లేదు. వచ్చాడు, ఒక్కసారి తుమ్మాడు.

"ఆహా! ఇంత శుద్ధంగా చెప్పింది మీరొక్కరే" అని ముళ్లపంది తలుపు బార్లా తీసి, బస్తాలు కూడా మోసిపెట్టింది.

గుహ ఖాళీ అయిందని తెలిసి సభ పెట్టారు. తన చెరుకుగడలు కూడా పోయినందుకు కళ్లు తుడుచుకుంటూ కుంభయ్య నివేదిక చదివాడు. "భద్రతలో లోపం ఏమీ లేదు ప్రభూ. ఉద్యోగులంతా ఫెయిలయ్యారు. నక్క ఒక్కడే పాసయ్యాడు."

"వాణ్ణి వెంటనే పట్టుకురండి!" అని గర్జించాడు సింహరాజు. చారలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "వాడి చేత అందరికీ శిక్షణ ఇప్పించండి!" అని పూర్తిచేశాడు రాజు.

మర్నాడు నక్క బొజ్జ నిమురుకుంటూ పాఠం మొదలెట్టాడు. మొదటి వరుసలో ఖాళీ కడుపుతో కుంభయ్య కూర్చున్నాడు. చారలమ్మ ఏడుపు ఆపుకుంటూ లేచి అడిగింది.

"అయ్యా, మా పిల్లల గింజలు ఎక్కడ దాచారు?"

"తప్పమ్మా! అలాంటివి ఎవరికీ చెప్పకూడదు. అదే మన మొదటి పాఠం."

నీతి: పాస్‌వర్డ్ కష్టంగానే పెట్టుకోండి, చదువురాని దొంగ దోచుకుపోతే మనకే నామర్దా.